క్రిస్టీది ఏ ఊరు?

ఔలి, ఉత్తరాఖండ్
6 జనవరి 2025

చలికి వంకరపోయిన వేళ్ళతో చిన్నమ్మకు రెబెక్క రాస్తున్నది.

నీ కార్డు అందింది. "మాఫీ అడిగేదాక దానికి ఎవ్వరు ఫోన్ చెయ్యొద్దు" అని అమ్మ అందరికీ ఆర్డరేసిందా! దాని కింద నువ్వు "ఫోన్ వద్దంది గానీ ఉత్తరం వద్దనలేదు" అని రాసింది చదివి పడీ పడీ నవ్వాను. నాన్నది కూడా నీ లెక్కే. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒక్క రింగు, అంతే. అదీ ఫోన్ చేయడం కాదట.

నేను చేస్తే అమ్మ ఎత్తడం లేదు. నన్ను పెళ్ళిచూపులు చూడడానికి బంట్వారం వాళ్ళు వస్తున్న రోజే నేను బస్సెక్కడం తప్పే. కానీ వాళ్ళు వస్తున్నారని నాకు చెప్పింది ఆ రోజు పొద్దున! అనంతగిరి కొండలెక్కే క్యాంపు వాళ్ళు ఈ ట్రైనింగుకు నన్నొక్కదాన్నే ఎంపిక చేసి అప్పటికే నెల అయింది. బస్సు ఆగుతుందా చెప్పు.

ఇక్కడి సంగతి. స్కీ అంటే కాళ్ళకు కట్టుకునే సన్నటి పొడుగు పలకలు. వాటి మీద మంచులో జారడం ఎవరికైనా వస్తుంది. కందిపప్పు బస్తాను వదిలినా జారుతుంది. తిరగడమే అసలు విద్య. మా నేగీ మాస్టరుకు డెబ్బై దాటాయి, పాత మలుపులంటే పిచ్చి. అన్నిటికన్నా పాతది ఒంటికర్ర మలుపు. పొడుగాటి కర్ర ఒకటే పట్టుకుని, దాని మీద వెనక్కి కూర్చున్నట్టు వాలి, పడవ తెడ్డులాగా తిప్పుకుంటూ రావాలి. తర్వాత టెలిమార్క్. ఇందులో మడమకు కట్టు ఉండదు, వేళ్ళ దగ్గరే బిగిస్తారు. తిరిగేటప్పుడు ఒక కాలు ముందుకు పోతుంది, వెనక మడమ పైకి లేచి ఆ మోకాలు మంచుకు ఆనేదాకా వంగుతుంది. నాకు ఇది బాగా వచ్చింది. నీ ఖోఖో పుణ్యం, నా మోకాళ్ళు ఇంకా నాతోనే ఉన్నాయి.

నా బాధంతా క్రిస్టీ. టెలిమార్క్‌ది వినయం, క్రిస్టీది పొగరు అంటాడు మాస్టరు. నిజమే. దగ్గరికి వచ్చినట్టే వచ్చి చేజారుతుంటే ఎంత ఏడుపొస్తుందో! కళ్ళు మూసుకుంటే క్రిస్టీయే. ఈ చలికాలం దాటేలోపు క్రిస్టీ నా సొంతం కావాలి. లేకపోతే కొండ దిగను. ఇది మాత్రం అమ్మ చెవిన వెయ్యకు.

మడమలు విడిచిన నీ బిడ్డ,
రెబెక్క

*

వికారాబాద్
15 జనవరి 2025

కొండమీది బిడ్డకు కిందున్న చిన్నమ్మ దీవెనలు.

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో చదివాను. చివరికొచ్చేసరికి నా ముఖం చూసి సబా టీచరు "క్యా హువా మేడం, ట్రాన్స్‌ఫరా?" అని అడిగింది. ఏం చెప్పను!

బిడ్డా, నేను పాతకాలపు మనిషిని కాను. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలను ఆటలాడించిన దాన్ని. పిల్లల కళ్ళు ఎటు పోతున్నాయో విజిలు ఊదకముందే కనిపెడతాను. అందుకని తిట్టను. పైగా పేరు వింటే మనవాళ్ళే అనిపిస్తున్నది. కానీ పొగరు అన్నావు చూడు, అక్కడ నా గుండె జర జల్లుమంది.

రెండు మాటలు చెప్తాను, గుర్తుంచుకో. నీ బరువు ఎప్పుడూ నీ కాలి మీదే ఉండాలి. అవతలి వైపు వాలిపోయావో, అది పక్కకు జరిగిన రోజు నువ్వు నేల మీద ఉంటావు. రెండోది, కింద పాదాలను చూసుకుంటూ భయపడకు. ఎటు పోవాలనుకుంటున్నావో అటు చూడు. మిగతా ఒళ్ళంతా దాని వెనకే వస్తుంది. ఖోఖోలో స్తంభం దగ్గర తిరిగేటప్పుడు నీకు ఇదే చెప్పేదాన్ని. బతుకులోనూ ఇదే.

అన్నట్టు, నీ క్రిస్టీది ఏ ఊరు? పుట్టుపూర్వాలు ఏమిటి? అన్నీ వివరంగా రాయి. ఊరికే అడుగుతున్నాను.

మీ అమ్మ ఆదివారం వచ్చి నా ఫోన్ మొత్తం తిరగేసింది. నీ నంబరు నుంచి ఏమైనా వచ్చిందా అని. వెతికింది తిట్టడానికా, ఏమైనా వస్తే బాగుండుననా? నాకైతే రెండోదే అనిపించింది. ఉత్తరం మాత్రం ఆమె కూర్చున్న కుర్చీ దిండు కిందే ఉంది.

ఆశీస్సులతో,
నీ చిన్నమ్మ పద్మారాణి, పి.ఇ.టి.

*

ఔలి
22 జనవరి 2025

చిన్నమ్మా, వంద దండాలు, వంద ముద్దులు!

నువ్వు మాయల మనిషివి. జీవితంలో మంచు చూడలేదు, అయినా అంత కచ్చితంగా ఎలా చెప్పావు? నీ ఉత్తరం జేబులో పెట్టుకునే పొద్దున వాలు మీదకు పోయాను. బరువు నా కాలి మీదే ఉంచుకున్నాను. పాదాలు చూడలేదు, కింద దేవదారు చెట్లనే చూశాను. వచ్చింది చిన్నమ్మా! ఒక్కసారే, అదీ ఎడమవైపే. కానీ వచ్చింది! మాస్టరు టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

నీ ప్రశ్నకు జవాబు. క్రిస్టీది నార్వే. అసలు పేరు క్రిస్టియానియా. వాళ్ళ రాజధానికి వెనకట అదే పేరు, తర్వాత మార్చుకున్నారు. అక్కడినుంచి ఆల్ప్స్ కొండలకు పోయి బాగా పేరు తెచ్చుకున్నది. టెలిమార్క్‌ది కూడా నార్వేనే, కానీ పల్లె ప్రాంతం. మెత్తటి మంచు ఉంటే టెలిమార్క్ గొప్ప, గట్టి మంచు ఉంటే క్రిస్టీ గొప్ప. వందేళ్ళ కింద వీటి గురించి పెద్దమనుషులు పత్రికల్లో కొట్టుకున్నారట. మన దగ్గర పప్పులో పులుపు చింతపండుదా, టమాటదా అని కొట్టుకోరూ, అట్లా.

ఆ కుటుంబం పెద్దది. స్టెమ్ క్రిస్టీ అని ఒకటుంది, ముందు జర పక్కకు విడిపోయి, తర్వాత కలిసి దారికొస్తుంది. అన్నిటికీ పైన రాయల్ క్రిస్టీ. లోపలి కాలు ఒక్కదాని మీదే నిలబడి, రెండో కాలు వెనక గాల్లో కొంగలాగా చాపి, రాచఠీవితో తిరగాలి. ఇప్పుడు ఎవరూ చేయరు. మాస్టరు చేసి చూపించి, వెంటనే మంచులో కూర్చుండిపోయాడు. నేను రాయల్ జోలికి పోను, మామూలు క్రిస్టీతోనే నా బతుకు గడిస్తే చాలు.

ఫిబ్రవరి చివర పాత మలుపుల ప్రదర్శన ఉంది. బాగా చేస్తే వచ్చే చలికాలం మాస్టరు కింద అసిస్టెంటుగా ఉండమంటారట. అమ్మ ఒప్పుకుంటుందా? ముందు నాతో మాట్లాడితే కదా.

ఎడమవైపు మాత్రమే తిరగగలిగే,
రెబెక్క

*

వికారాబాద్
1 ఫిబ్రవరి 2025

ఒక పక్కకే తిరిగే బిడ్డకు, రెండు పక్కలా తిరిగి అలసిన చిన్నమ్మ నుంచి.

నీ క్రిస్టీ గురించి మీ అమ్మకు చెప్పేశాను. తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టుకో, తర్వాత చదువు.

జరిగింది ఇది. మొన్న తాండూరు పోయాను. ఇంట్లో కొత్త దుప్పట్లు, కొత్త స్టీలు గ్లాసులు. ఏందక్కా అంటే, వచ్చే ఆదివారం బంట్వారం ఇమ్మానుయేలు వాళ్ళు వస్తున్నారు, మాట ఇచ్చేస్తున్నాను అంది. "పిల్లను అడుగవా?" అన్నాను. "అది నన్నడిగి పోయిందా?" అంది. ఇమ్మానుయేలు బుద్ధిమంతుడే. కానీ పెళ్ళయ్యాక కొండలూ గుట్టలూ కుదరవని వాళ్ళమ్మ ముందే చెప్పిందట. దానికి మీ అమ్మ తలూపిందట. నాకు ఒళ్ళు మండింది.

"అక్కా, జర ఆగు. దాని మనసంత ఆడ క్రిస్టీ మీదున్నది," అన్నాను.

మీ అమ్మ చేతిలో గ్లాసు అట్లే ఆగింది. "క్రిస్టీ ఎవడు?"

"పెద్ద ఖాందాన్. పేరుమోసింది."

"ఏ ఊరు?"

"నార్వే."

మీ అమ్మ గ్లాసు కింద పెట్టింది. "నార్వే ఏ మండలం?" అంది.

మీ నాన్న మత్తయ్య బావ తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. రాత్రింబవళ్ళు నాపరాళ్ళు పాలిష్ పట్టే మనిషి, ముఖం కూడా ఆ రాయిలాగే ఉంటుంది కదా. ఆయనలో నవ్వు అంత లోతున ఉందని నాకు తెలియదు.

సాయంత్రానికి మీ అమ్మ బంట్వారానికి ఫోన్ చేసి "జర ఆగుండ్రి" అని చెప్పేసింది. ఇప్పుడు నువ్వు చేయవలసింది ఒక్కటే. క్రిస్టీ ఫోటో పంపు. మీ అమ్మ అడుగుతున్నది.

దీవెనలతో, అమాయకురాలైన
నీ చిన్నమ్మ

*

ఔలి
8 ఫిబ్రవరి 2025

చిన్నమ్మా!!

క్రిస్టీ మనిషి కాదు! మలుపు! రెండు స్కీలూ పక్కపక్కనే పెట్టి, ఒంటిని తిప్పి, మడమలను పక్కకు జార్చి తిరిగే మలుపు! టెలిమార్క్ ఎట్లానో ఇదీ అట్లే! పిల్లవాడు లేడు, ఖాందాన్ లేదు, నార్వేలో మనకు చుట్టాలు లేరు!

నీ ఉత్తరం చదివి మంచంలో కూలబడ్డాను. నా రూమ్మేట్ అంబికకు చదివి వినిపిస్తే (గుల్బర్గా అమ్మాయి, కన్నడ, అయినా తెలుగు అర్థమవుతుంది) నవ్వీ నవ్వీ దానికి ఎక్కిళ్ళు పట్టాయి. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అమ్మ నాతో మాట్లాడకపోవడానికి ఇప్పటిదాకా ఒక కారణమే ఉండేది. రేపు ఆ క్రిస్టీ లేడని తెలిస్తే ఏమనుకుంటుంది? చూపులు తప్పించుకోవడానికి లేని పిల్లవాణ్ణి పుట్టించానని అనుకోదా?

బంట్వారం సంబంధం ఆగిందంటే సంతోషమే. అబద్ధం ఆడను. కానీ ఇట్లా కాదు చిన్నమ్మా. నువ్వు తాండూరు పోయి అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పు. నీకు దండం పెడతాను. వెంటనే పో.

దిక్కుతోచని,
రెబెక్క

*

వికారాబాద్
19 ఫిబ్రవరి 2025

దిక్కుతోచని బిడ్డకు. ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగు.

క్రిస్టీ మనిషి కాదని నాకు తెలుసు. మొదటి ఉత్తరం చదివి నిజంగానే మోసపోయాను, ఒప్పుకుంటాను. రెండో ఉత్తరంలో "వచ్చింది చిన్నమ్మా" అని రాశావు. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. వచ్చాడు కాదు, వచ్చింది! రెండు నిమిషాలు ఏమేమో ఊహించుకుని స్టాఫ్‌రూములో చెమటలు పట్టాయి. తర్వాత సబా టీచరు తన ఫోన్లో వెతికి, పాత నలుపు తెలుపు వీడియో చూపించింది. టై కట్టుకున్న దొర ఒకడు ఒంటికాలి మీద కొంగలాగా తిరుగుతున్నాడు. మేమిద్దరం నవ్విన నవ్వుకు పక్క క్లాసు పిల్లలు బయటికొచ్చారు.

అంటే మీ అమ్మకు చెప్పిననాడు నాకు అంతా తెలుసు. మళ్ళీ చదువుకో, నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు. మనసు క్రిస్టీ మీదుంది అన్నాను, ఉంది. ఖాందాన్ పెద్దది అన్నాను, నువ్వే రాశావు. వాడు, వీడు అన్నది మీ అమ్మే. ఆ పూట నా చేతిలో ఇంకో కర్ర లేదు బిడ్డా. దొరికిన కర్ర మీదే వాలి తిరిగాను. ఇమ్మానుయేలు గురించి ఫికర్ పడకు. పెద్దేముల్ నిరోషా ఇంటి ముందు అతని బండి రోజూ ఆగుతుందని మా పిల్లలే చెప్తున్నారు.

మీ టెలిమార్క్‌ను మా గ్రౌండులో ప్రాక్టీసు పెట్టాను. నలభై మంది ఆడపిల్లలు వరసగా ఒక్కో మోకాలు వంచుకుంటూ ముందుకు పోతుంటే హెచ్.ఎం. మేడం పరుగెత్తుకొచ్చింది. "ఇంతమందికి పనిష్మెంటా? ఏం తప్పు చేసిన్రు?" అని.

ఇక అసలు సంగతి. నువ్వు చెప్పమన్నట్టే నిన్న నిజం చెప్పడానికి తాండూరు పోయాను. ఇంటికి తాళం. పక్కింటి శంకరమ్మ చెప్పింది. మీ అమ్మా నాన్నా రెండు సంచులు సర్దుకుని ఢిల్లీ బండి ఎక్కడానికి సికింద్రాబాద్ పోయారట. వెంటనే ఫోన్ చేశాను. "అక్కా, దానితో మాట్లాడనంటివి?" అంటే, "ఫోన్‌ల మాట్లాడనన్న. పోనన్ననా?" అని పెట్టేసింది.

ఇది స్పీడుపోస్టులో వేస్తున్నాను. వాళ్ళకన్నా ముందు అందాలని నీ దేవుణ్ణీ నా దేవుణ్ణీ ఇద్దరినీ వేడుకుంటున్నాను. ఇద్దరి దేవుడూ ఒకడే కదా, ఆయనకు నవ్వొస్తుందేమో.

భయంతో, అయినా నవ్వుతూ,
చిన్నమ్మ

*

ఔలి
26 ఫిబ్రవరి 2025

చిన్నమ్మకు, నీ ఉత్తరం నిన్న అందింది. వాళ్ళు అంతకుముందే వచ్చి పోయారు. దేవుడు నవ్వుకున్నట్టే ఉన్నాడు.

ప్రదర్శన రోజు. నేను స్కీలు కట్టుకుంటుంటే జీపు ఆగింది. మొదట ఒక కందిపప్పు మూట దిగింది. తర్వాత నాన్న. తర్వాత చీర మీద రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, దాని మీద కొంగు, అమ్మ. నన్ను చూసింది, పలకరించలేదు. చుట్టూ ఉన్న మగపిల్లలను ఒక్కొక్కరినే సంతలో ఎద్దులను చూసినట్టు చూసింది. అప్పుడే నేగీ మాస్టరు వచ్చి చేతులు జోడించాడు. ఎర్ర టోపీ, తెల్ల మీసాలు, ముందు రెండు పళ్ళు లేవు. అమ్మ ముఖంలో నెత్తురు లేదు.

"గీ ముసలాయననా?" అంది. ఇల్లు విడిచాక నాతో అన్న మొదటి మాట.

కాదమ్మా అని చెప్పబోయాను. అంతలో విజిలు ఊదారు. నేను వాలు పైకి పోవలసి వచ్చింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది చిన్నమ్మా. పైనుంచి చూస్తే అమ్మ చీమంత ఉంది, ఆ తెల్లదనంలో ఒక్క కుంకుమరంగు చీర. నోటితో చెప్పలేనిది కాళ్ళతో చెబుదాం అనుకున్నాను.

ముందు టెలిమార్క్. కుడి మోకాలు వంచి ఒక మలుపు, ఎడమ మోకాలు వంచి ఇంకో మలుపు. మెత్తటి మంచు, బాగా కుదిరింది. అట్లా ఒక్కో మోకాలు మీద వంగుతూ సగం కొండ దిగాను. కింద ఏదో అరుపు. చప్పట్లేమో అనుకున్నాను. దగ్గరైనకొద్దీ వినిపించింది. అమ్మ చేతులు రెండూ చాపి, మోకాళ్ళ లోతు మంచులో నడుస్తూ, కేకలేస్తున్నది.

"చాలు లే బిడ్డా! చాలు! మాఫ్ చేసిన! లే, మోకాళ్ళు కొట్టుకపోతయ్! కొండంత ఎవ్వరన్న మోకాళ్ళ మీద దిగుతరా!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కన్నీళ్ళకు కళ్ళద్దాలు మసకబారాయి. ఆ వేగంలో ఆగాలంటే ఒకటే దారి. రెండు స్కీలూ కలిపి, అమ్మను తప్పించి పక్కనున్న జెండా వైపు చూసి, తిప్పాను. కుడివైపు! ఎన్నడూ రానిది వచ్చింది! మంచును పొగలాగా లేపుకుంటూ వచ్చి, అమ్మకు రెండు అడుగుల దూరంలో ఆగాను. అమ్మ నిండా మంచు.

"అమ్మా, ఇదే," అన్నాను.

"ఏది?"

"క్రిస్టీ. ఇప్పుడు చేసిన మలుపు. క్రిస్టీ అంటే ఇదే. మనిషి లేడు."

అమ్మ నన్ను చూసింది. మంచు మీద వంపు తిరిగిన గీతను చూసింది. మంకీ క్యాపు తీసి దులిపి మళ్ళీ పెట్టుకుంది. వెనక నాన్న మాత్రం మంచులో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ మనిషి తర్వాత మాస్టరు దగ్గర ఒంటికర్ర అడిగి తీసుకుని, దాని మీద వాలి ఒక మలుపు తిరిగాడు! "మా ఫ్యాక్టరీల తడి బండల మీద రోజు గిదే పని" అన్నాడు. రెండో మలుపులో పడ్డాడనుకో.

సాయంత్రం అమ్మ తన తాండూరు ఉర్దూలో మాస్టరుతో చాలాసేపు మాట్లాడింది. నన్ను దూరంగా పొమ్మంది. అసిస్టెంటు పని గురించి ఆయన చెప్పాడట. అవునంది లేదు, కాదంది లేదు. కందిపప్పు మాత్రం ఆయనకే ఇచ్చింది. "తెచ్చినది తిరిగి తీస్కపోతనా" అని. రాత్రి పడుకునేముందు నా మోకాళ్ళకు కొబ్బరినూనె రాసింది. బస్సెక్కేటప్పుడు ఒక్కటే అడిగింది.

"పద్మకు ఎరుకేనా?"

నేను నోరు తెరవలేదు. కానీ నవ్వు ఆగలేదు. కాబట్టి జాగ్రత్త చిన్నమ్మా. వస్తున్నది.

రెండు వైపులా తిరగడం వచ్చిన,
రెబెక్క

*

వికారాబాద్
10 మార్చి 2025

రెండు పక్కలా తిరిగే బిడ్డకు, రెండు చెంపలూ క్షేమంగానే ఉన్న చిన్నమ్మ నుంచి.

వచ్చింది. తాండూరు పోయే బండిని వదిలేసి వికారాబాద్‌లోనే దిగి, సంచితో సహా నా ఇంటికొచ్చింది. మత్తయ్య బావ వాకిట్లోనే చెప్పులు సర్దుకుంటూ నిలబడ్డాడు. లోపలికి రావడానికి ధైర్యం లేదు. నేను చాయ్ పెడతానంటే వద్దంది. కుర్చీలో కూర్చుంది.

"నార్వే ఏ మండలమే పద్మా?" అంది.

అంతే. నేను కాళ్ళ మీద పడబోయాను. మీ అమ్మ నా జుట్టు పట్టుకుని లేపి, రెండు పీకుతుందనుకుంటే, నా భుజం మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. అట్లా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో. నవ్వి నవ్వి, చివరకు కళ్ళు తుడుచుకుంటూ అంది.

"అది పైకెల్లి దిగుతుంటే నా పానం పోయిందే. పడ్తదనుకున్న. పడలే. నేను పెండ్లి పెండ్లని ఉరుకుడే గానీ, గది ఏం జేస్తదో ఒక్కనాడన్న సూడకపోతి."

వచ్చే చలికాలం సంగతి నేను అడగలేదు. అడిగితే కాదంటుందేమోనని భయం. నిన్న ఆదివారం నన్ను తాండూరు చర్చికి రమ్మంది. ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఆడవాళ్ళందరూ చుట్టుముట్టారు. క్రిస్టీ కథ మూడు మండలాలు పాకింది కదా. ఇప్పుడు అంతా బయటపడుతుంది, అక్క పరువు పోతుంది, నా ప్రాణం పోతుంది అనుకుని నేను మెల్లగా ఆటో వైపు జరిగాను. మీ అమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. అందరికన్నా ముందు శంకరమ్మ అడిగింది.

"హన్మక్కా, క్రిస్టీని సూసినవా?"

"నా కండ్లతోని సూసిన," అంది మీ అమ్మ.

"మంచిగుండెనా?"

"మస్తు సక్కదనం. కన్ను తిప్పబుద్ధి గాలే."

"పెండ్లెప్పుడు మరి?"

"రెబెక్క వచ్చే సలికాలం గూడ ఆడ్నే ఉంటది. గా నేగీ సార్‌కు మాటిచ్చి వచ్చిన. అప్పటిదాక ఎవ్వరు సంబంధాలు తేకుండ్రి."

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మాటిచ్చి వచ్చిందట! నీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఈ పాటికి మాస్టరు నీతో చెప్పే ఉంటాడు. మీ నాన్నను చూస్తే, ఆయన ఆకాశంలోకి చూస్తున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

శంకరమ్మ వదిలే రకమా. "గది సరే గానీ, క్రిస్టీది పనేంది?" అంది.

"తిరుగుడే," అంది మీ అమ్మ.

ఆడవాళ్ళందరూ ముఖాలు చూసుకున్నారు. శంకరమ్మ ముక్కున వేలేసుకుంది. "అయ్యో అక్కా! తిరుగుడే పనైతే, ఏం జూసి ఒప్పుకున్నవే?"

మీ అమ్మ కొంగు సర్దుకుని, బైబిల్ చంకలో పెట్టుకుని, నడుస్తూ నడుస్తూ చెప్పింది.

"ఎంత తిరిగినా మా బిడ్డ కాళ్ళ కిందనే గదా."

ఆశీస్సులతో, మీ అమ్మ ముందు ఇంకా ఎల్.కె.జి.లోనే ఉన్న
నీ చిన్నమ్మ పద్మారాణి